కాంటా అయిన బస్తా కదలదేం?

కోతల కాలం వచ్చిందంటే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల్లో ఏ వూరి కొనుగోలు కేంద్రానికి పోయినా వినపడే మాట ఒకటే: "కాంటా అయింది, లారీ రాలే." కాంటా అయిన బస్తాలు నెట్టు కట్టి వుంటాయి. వాటి పక్కన కాంటా కాని వడ్ల రాశులు. రాశుల పక్కన పట్టా కప్పుకొని కాపలా పండుకునే రైతు. పొద్దున మబ్బు కనపడితే పట్టా కప్పాలి, ఎండ వస్తే తీయాలి, వడ్లను కాళ్లతో కలియదున్నాలి. ఇది ఒకరోజు పని కాదు. పదిరోజులు, పదిహేను రోజులు, ఒక్కోసారి నెల.

లారీ ఎందుకు రాలేదని అడిగితే మిల్లు దగ్గర ఆగిందంటారు. మిల్లు దగ్గర ఎందుకు ఆగిందంటే దింపటానికి జాగా లేదంటారు. జాగా ఎందుకు లేదంటే పోయిన సీజను వడ్లు ఇంకా లోపలే వున్నాయంటారు. అవి ఎందుకు మర పట్టలేదంటే గోదాములో బియ్యం తీసుకోవటం లేదంటారు. గోదాములో ఎందుకు తీసుకోరంటే వ్యాగన్లు రాలేదంటారు. మనం చిన్నప్పుడు విన్న ఏడు చేపల కథే ఇది. అక్కడ ఒక చేప ఎండలేదు, ఇక్కడ వేల క్వింటాళ్ల వడ్లు ఎండీ తడిసీ మళ్లీ ఎండుతున్నాయి. ఆ కథలో చివరికి చీమ దొరికింది. ఈ కథలో మాత్రం చీమ పుట్ట ఎక్కడున్నదో అందరికీ తెలిసినా ఎవరూ వేలు పెట్టరు.

అధికారులు దీన్ని "తాత్కాలిక అంతరాయం" అంటారు. ప్రతి ఏడూ రెండుసార్లు, ఏప్రిల్-మేలో ఒకసారి, అక్టోబరు-నవంబరులో ఇంకోసారి, అవే ఊళ్లలో అవే కారణాలతో వచ్చేది అంతరాయం ఎట్లవుతుంది? అది పద్ధతి. ఆ పద్ధతిలో ఎక్కడ ముడి పడుతున్నదో, ముడి పడిన ప్రతిసారీ ఎవరి జేబు ఖాళీ అవుతున్నదో, ఎవరి జేబు నిండుతున్నదో రైతులూ కూలీలూ లెక్కగట్టి తెలుసుకోవాలని మేము అనుకుంటున్నాము.

మొదట వడ్ల ప్రయాణం చూద్దాం. రైతు వడ్లు కేంద్రానికి తెస్తాడు. తేమ 17 శాతం దాటకూడదు. తాలు, మట్టి లేకుండా తూర్పార పట్టాలి. అప్పుడు గోనె సంచులు ఇస్తారు. నలభై కిలోల చొప్పున కాంటా పెడతారు. కేంద్రం నడిపే మహిళా సంఘం వాళ్లో, సహకార సంఘం గుమస్తానో ట్యాబులో రైతు పేరు ఎక్కిస్తారు. రైతు ఫోనుకు ఓటీపీ వస్తుంది. లారీ నిండితే ట్రక్ షీట్ రాస్తారు. ఆ లారీ ఫలానా మిల్లుకు పోవాలని ముందే కేటాయింపు వుంటుంది. మిల్లులో లోడు దిగాలి. దిగినాక మిల్లు యజమాని "ఇన్ని బస్తాలు ముట్టినయి" అని కంప్యూటరులో ఒప్పుకోవాలి. అప్పుడు గాని రైతు ఖాతాలో డబ్బు పడటానికి దారి తెరుచుకోదు.

ఇక్కడే ఆగి చూడాలి. వడ్లు కొంటున్నది ఎవరు? ప్రభుత్వం. మద్దతు ధర ఇస్తున్నది ఎవరు? ప్రభుత్వం. మిల్లరు ఎవరు? ప్రభుత్వ వడ్లను కూలికి మర పట్టి, క్వింటాలు వడ్లకు 67 కిలోల పచ్చి బియ్యం, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు, తిరిగి అప్పజెప్పవలసిన మనిషి. సిఎంఆర్ అంటే అంతే. అట్లాంటప్పుడు ప్రభుత్వానికి అమ్మిన సరుకు డబ్బు, మధ్యలో మర పట్టేవాడు ముట్టిందని ఒప్పుకుంటే గాని రాకపోవటమేమిటి? చాకలికి వేసిన బట్టలు చాకలి ఒప్పుకుంటే గాని బట్టల కొట్టువాడికి డబ్బు ఇవ్వనన్నట్లుంది. మిల్లు గేటు దగ్గర రైతు డబ్బు తాకట్టులో వున్నది. గేటు ఎవరి చేతిలో వుంటే ధర కూడా వాళ్ల చేతిలోనే వుంటుంది.

తరుగు ఇక్కడే పుడుతుంది. లారీ మిల్లు ముందు రెండు రోజులు నిలబడుతుంది. మూడోనాడు కేంద్రానికి ఫోను వస్తుంది. "తాలు వుంది, తేమ వుంది, బస్తాకు రెండు కిలోలు ఒప్పుకుంటే దింపుతం, లేకుంటే వాపసు తోలుతం." కేంద్రంలో తేమ చూసి, తూర్పార పట్టి, అధికారి చెప్పినంక కాంటా పెట్టిన వడ్లే అవి. అయినా రైతు ఏం చేయాలె? లారీ వాపసు వస్తే కిరాయి ఎవరి నెత్తిన? దింపిన బస్తాలు మళ్లీ ఎక్కించే హమాలీ ఎవరి నెత్తిన? వాన వస్తే? అందుకని "కానియ్ సార్" అంటాడు.

ఆ "కానియ్" ఖరీదు కడదాం. ఎకరానికి 25 క్వింటాళ్లు పండిందనుకుందాం. నలభై కిలోల బస్తాలు అరవై రెండున్నర. బస్తాకు రెండు కిలోలంటే 125 కిలోలు. 2025-26 సీజనుకు ఏ గ్రేడు వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు. అంటే ఎకరానికి మూడు వేల రూపాయలు, పది పదిహేను తక్కువగా. మూడెకరాలు కౌలుకు చేసిన మనిషికి తొమ్మిది వేలు. గోనె సంచి బరువు ఆరు వందల గ్రాములకు మించదు. దాని పేరు చెప్పి 41 కిలోలు, తాలు పేరు చెప్పి 42 కిలోలు, మిల్లు పేరు చెప్పి ఇంకొక కిలో. ఈ కిలోలు ఏ రికార్డులోనూ వుండవు. ట్రక్ షీటులో వుండేది నలభయ్యే. మద్దతు ధర పెంచామని ఢిల్లీలో ప్రకటన వస్తుంది. 2024-25లో 2,320 వున్నది 2,389 అయింది, అంటే క్వింటాలుకు 69 రూపాయలు పెరిగింది. క్వింటాలుకు రెండున్నర బస్తాలు, బస్తాకు రెండు కిలోల చొప్పున అయిదు కిలోల తరుగు, అంటే 119 రూపాయలు పోయినయి. పెరిగినదాని కంటే పోయిందే ఎక్కువ.

ఇది తరుగు సంగతి. ఆలస్యం సంగతి వేరే వుంది. ఆ మూడెకరాల కౌలుదారుకు 75 క్వింటాళ్లు పండినయి. పెట్టుబడికి నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాడు, కౌలు అప్పు పెట్టాడు. అమ్మిన డబ్బు మొత్తం అప్పులకే పోయేదనుకుంటే, ఇరవై రోజులు డబ్బు ఆగితే సరిగ్గా ఒక క్వింటాలు వడ్ల ధర వడ్డీ కింద పోతుంది. వేసి చూసుకోండి. బస్తా కదలని ప్రతి ఇరవై రోజులకూ ఒక క్వింటాలు. పైగా కౌలుదారు పేరు రికార్డులో వుండదు. పాసుపుస్తకం పట్టాదారుది, పంట నమోదు పట్టాదారుది, చాలాచోట్ల బ్యాంకు ఖాతా కూడా పట్టాదారుదే. సన్న వడ్లకు 2024 వానాకాలం నుంచి రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించిన అయిదు వందల బోనసు కూడా ఆ దారినే పోతుంది. హైదరాబాదులో వుండే పట్టాదారు ఫోనుకు ఓటీపీ వస్తుంది. ఆయన ఫోను ఎత్తకపోతే వూళ్లో కౌలుదారు బస్తాలు ఆ పూటకు ఆగిపోవలసిందే. దీన్ని కూడా "సాంకేతిక సమస్య" అంటారు.

ఇంత రద్దీ ఎందుకు వస్తున్నదో కూడా మనం నిజాయితీగా ఆలోచించాలి. నాగార్జునసాగర్ ఎడమ కాలువకు 1967లో నీళ్లు వదిలినప్పటి నుంచి మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలు వరి మాగాణులయినయి. కాలువ నీళ్లు ఒకేసారి వస్తాయి, నాట్లు ఒకేసారి పడతాయి, పంట ఒకేసారి పండుతుంది. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. మరి అప్పుడు రోడ్ల మీద ఇన్ని వడ్లు ఎందుకు లేవు? అప్పుడు కొడవలితో కోసేవాళ్లం. మెద ఆరేది, కట్టలు కట్టి కుప్ప వేసేవాళ్లం. కుప్ప నూర్చటం సంక్రాంతి దాటి కూడా సాగేది. ఆ కుప్పే రైతు గోదాము. దానికి కిరాయి లేదు, తాళం లేదు, వాన వచ్చినా పైపొర తడిస్తే తడిసేది, లోపల గింజ చెక్కుచెదరకుండా వుండేది. రెండు నెలల పని రెండు నెలలు జరిగేది, కూలీలకు రెండు నెలలు చేతినిండా పని వుండేది.

ఇవాళ కోత మిషను వచ్చి వూరు వూరంతా పది రోజుల్లో ఊడ్చేస్తుంది. కూలీల పని పోయింది, అది ఒక దెబ్బ. పచ్చి వడ్లు ఒక్కసారిగా వచ్చిపడినయి, ఇది రెండో దెబ్బ. వెయ్యి ఎకరాల వరి వున్న వూరిని తీసుకుందాం. అరవై రెండు వేల చిల్లర బస్తాలు. లారీకి ఆరు వందల బస్తాలు పట్టుకుంటే నూరు లారీలు దాటుతాయి. పది రోజుల్లో కోత అయితే రోజుకు పది లారీలు కావాలి. వచ్చేది మూడు లారీలయితే వూరు ఖాళీ కావటానికి ముప్పయి అయిదు రోజులు. కలెక్టరాఫీసులో సమీక్షలు చేసేవాళ్లకు ఈ కూడికలు, భాగహారాలు రావని మేము అనుకోము. ఏ వూళ్లో ఎన్ని ఎకరాలు వేశారో వ్యవసాయ విస్తరణాధికారి దగ్గర వుంది. నాట్లు పడ్డనాడే కోత ఎప్పుడొస్తదో తెలుసు. తెలిసి కూడా లారీల లెక్క కోతలప్పుడే మొదలుపెడతారు. రవాణా కాంట్రాక్టరు టెండరులో చూపిన లారీలన్నీ ఏనాడూ రోడ్డు మీద కనపడవు. ఎక్కువ కిరాయి దొరికిన చోటికి అవి పోతాయి.

ఆరబెట్టుకునే జాగా సంగతి చెప్పుకోవాలంటే సిగ్గుచేటు. ఉపాధి హామీ నిధులతో రాష్ట్రంలో కొన్ని కల్లాలు కట్టారు. కూలీలకు పనీ, రైతుకు ఎండబెట్టుకునే జాగా, రెండూ దొరికే పని అది. 2022లో కేంద్ర ప్రభుత్వం ఇది నిబంధనలకు విరుద్ధమని చెప్పి నూట యాభై కోట్ల పైచిలుకు తిరిగి కట్టమని రాష్ట్రాన్ని అడిగింది. వడ్లు రోడ్డు మీద పోస్తే కేసులు పెడతామంటారు, కల్లం కడితే డబ్బు వాపసు ఇమ్మంటారు!

మిర్యాలగూడ సంగతి కొంచెం విడిగా చెప్పాలి. అక్కడ మిల్లులు ఎక్కువ, ఆసియాలోనే పేరున్న మిల్లుల కేంద్రమని గొప్పగా చెప్పుకుంటారు. సన్న రకాలు వేసిన రైతులు కోసింది కోసినట్టే పచ్చి వడ్లను ట్రాక్టర్లలో నేరుగా మిల్లుకు తోలుతారు. ఎండబెట్టే శ్రమ తప్పుతుందని రైతు, మంచి సన్నాలు చేతికొస్తాయని మిల్లరు. బాగానే వున్నట్టు కనపడుతుంది. కాని పచ్చి వడ్లు ట్రాక్టరు మీద రెండు రోజులు వుంటే వేడెక్కుతాయి, మొలకెత్తుతాయి, రంగు మారతాయి. అంటే లైనులో నిలబడ్డ ప్రతి గంటా రైతు బేరం తగ్గుతుంది, మిల్లరు బేరం పెరుగుతుంది. 2020, 2021 వానాకాలాల్లో రద్దీ తట్టుకోలేక టోకెన్లు పెట్టారు. టోకెను వుంటేనే కోయాలి, టోకెను వుంటేనే మిల్లుకు తోలాలి. తెల్లవారుజాము నుంచి టోకెన్ల కోసం రైతులు బారులు తీరారు. వడ్ల లైను పోయి మనుషుల లైను వచ్చింది.

టోకెను అనే ఆలోచన తప్పని మేము అనము. రోజుకు ఎంత దింపగలరో అంతే రమ్మనటం ధర్మమే. కాని ఆ టోకెను రైతును మాత్రమే కట్టేసింది. ఫలానా రోజు రావాలె అని రైతుకు చెప్పింది. ఫలానా రోజు ఫలానా ధరకు దింపుకోవాలె అని మిల్లుకు చెప్పలేదు. తేదీ తప్పిన రైతుకు టోకెను చెల్లదు. తేదీనాడు వచ్చిన ట్రాక్టరును నిలబెట్టిన మిల్లుకు ఏమిటి శిక్ష? ఏమీ లేదు. ఒక చెయ్యి కట్టి కుస్తీ పట్టమన్నట్టు.

ఇక కూలీల సంగతి. వడ్ల ఆలస్యం మీద పత్రికల్లో రాసేవాళ్లు హమాలీ గురించి రాసేది తక్కువ. "హమాలీల కొరత" అని ఒక మాట రాసి వదిలేస్తారు. 2020 మే నెల గుర్తు చేసుకోండి. లాక్‌డౌన్‌లో వలస కూలీలు నెత్తిన మూటలతో ఇదే విజయవాడ-హైదరాబాదు రోడ్డు మీద నడిచిపోయారు. మే 1న దేశంలో మొదటి శ్రామిక రైలు లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరింది. అన్ని రైళ్లూ కూలీలను ఇళ్లకు చేరవేస్తుంటే, వారం తిరిగేసరికి ఒక రైలు ఎదురొచ్చింది. బీహారులోని ఖగరియా నుంచి రెండు వందల పైచిలుకు కూలీలను తెచ్చి లింగంపల్లిలో దింపింది. వాళ్లను మిర్యాలగూడ, నల్లగొండ, కరీంనగర్ వగైరా చోట్ల మిల్లులకు బస్సుల్లో పంపారు. పూలు ఇచ్చి స్వాగతం చెప్పారు. వాళ్లు లేకపోతే లక్షల టన్నుల వడ్లు దిగవని పాలకులకు ఆనాడు అర్థమైంది. ఆ మర్నాటి నుంచి మర్చిపోయారు.

హమాలీకి కూలి బస్తా లెక్క. మోసిన బస్తాకే డబ్బు. లారీ రాకపోతే ఆ రోజు ఆయనకు కూలి సున్నా. మిల్లు దింపకపోతే మిల్లు హమాలీకీ సున్నా. మూడు రోజులు ఖాళీగా కూర్చుని నాలుగో రోజు ఒక్కసారిగా అయిదు లారీలు వస్తే, నలభై నాలుగు డిగ్రీల ఎండలో అర్ధరాత్రి దాకా ఎత్తాలి. "హమాలీలు దొరకటం లేదు" అని అధికారులు వాపోతారు. ఎదురుచూసిన రోజుకు కూలి లేదు, నడుము పడితే పరిహారం లేదు, కేంద్రంలో నీడ లేదు, నీళ్లు లేవు. ఎవరు వస్తారు? ఆ హమాలీ కూలి కూడా చాలాచోట్ల రైతు దగ్గరే వసూలు చేస్తారు. రైతూ హమాలీ బస్తా దగ్గర కొట్లాడుకుంటారు. ఇద్దరినీ ఎండలో నిలబెట్టినవాడు చల్లగా వుంటాడు.

ఇది మన జిల్లాల ముచ్చటే కాదు. ఫోనులో వేలు పెడితే రెండు రోజుల్లో సరుకు గుమ్మం ముందుకు తెచ్చే కంపెనీల గోదాముల్లోనూ ఇదే తంతు. 2024 వేసవిలో హర్యానాలోని మానేసర్ దగ్గర అమెజాన్ గోదాములో, లోడు దింపే దాకా మూత్రానికి గాని మంచినీళ్లకు గాని పోమని కూలీల చేత ప్రమాణం చేయించిన సంగతి బయటపడింది. జాతీయ మానవ హక్కుల కమిషను కేంద్రానికి నోటీసు ఇచ్చింది. కంప్యూటర్లు వున్నా, బెల్టులు వున్నా, చివరికి సరుకు ఆగకుండా చూసేది మనిషి నడుమే. అక్కడ సరుకు ఆగకూడదని మనిషిని ఆగనివ్వరు. ఇక్కడ సరుకును ఆపి మనిషిని ఎండబెడతారు. ఒక తేడా మాత్రం వుంది. ఆ కంపెనీవాడు పంపిన చెప్పుల జత ఏ వూళ్లో వుందో కొన్నవాడికి గంట గంటకూ ఫోనులో తెలుస్తుంది. మన ఆరు వందల బస్తాల లారీ ఏ మిల్లు ముందు నిలబడిందో అమ్మిన రైతుకు తెలవదు. ఆ విద్య సర్కారుకు రాక కాదు. తెలిస్తే రైతు అడుగుతాడు.

కోదాడ వైపు ఇంకో చిక్కు వుంది. ఆంధ్ర సరిహద్దు అక్కడే. పక్క రాష్ట్రం వడ్లు మన కేంద్రాలకు రాకుండా రామాపురం క్రాస్ రోడ్డు చెక్‌పోస్టులో లారీలను ఆపుతారు. దళారుల సరుకును ఆపటం మంచిదే. 2024 సెప్టెంబరు 1న కుండపోత వానలకు నడిగూడెం మండలం రామచంద్రాపురం దగ్గర సాగర్ ఎడమ కాలువకు గండి పడ్డది. కోదాడ నీట మునిగింది. జాతీయ రహదారి మీద రాకపోకలు ఆగినయి. 2025 అక్టోబరు చివర మొంథా తుఫాను సరిగ్గా వానాకాలం వడ్లు కేంద్రాలకు వచ్చే వేళ విరుచుకుపడింది. ప్రకృతిని ఎవరూ ఆపలేరు, ఒప్పుకుంటాము. కాని తుఫాను వస్తున్నదని వారం ముందు చెప్పారు. ఆ వారంలో కాంటా అయిన బస్తాలనైనా కప్పు కిందికి చేర్చలేకపోవటం ప్రకృతి చేసిన పని కాదు.

కప్పు సంగతికి వస్తే మళ్లీ మొదటి ప్రశ్న, జాగా ఎందుకు లేదు? ఇందులో పాత పాపాలు వున్నాయి. యాసంగి వడ్లు ఎండకు పగుళ్లు వస్తాయి, పచ్చి బియ్యం ఆడిస్తే నూక ఎక్కువవుతుంది. అందుకే ఇక్కడ ఉప్పుడు బియ్యం ఆడించే అలవాటు. ఉప్పుడు బియ్యం ఇక తీసుకోనని కేంద్రం, మీరే తీసుకోవాలని రాష్ట్రం 2021-22లో ఢిల్లీ దాకా కొట్లాడుకున్నాయి. రైతులు వరి వేయాలో వద్దో తెలియక నారుమళ్ల దగ్గర నిలబడ్డారు. 2022 జూన్‌లో మిల్లుల నిల్వల లెక్కల్లో తేడాలున్నాయని చెప్పి కేంద్రం తెలంగాణ బియ్యం తీసుకోవటమే కొన్నాళ్లు ఆపేసింది. ఆపితే ఏమవుతుంది? మిల్లుల్లో వడ్లు పేరుకున్నాయి, ఆరుబయట తడిసినయి. కొందరు మిల్లర్లకు అదే అదనుగా దొరికింది. ప్రభుత్వ వడ్లను అమ్ముకున్నారు, బియ్యం బాకీ పడ్డారు. ఆ బాకీలు ఏండ్ల తరబడి సాగినయి. 2024 వానాకాలం నుంచి బ్యాంకు గ్యారంటీ ఇచ్చినవాళ్లకే వడ్లు కేటాయిస్తామని ప్రభుత్వం నియమం పెట్టింది. మంచి నియమమే, ఆలస్యంగానైనా. వెంటనే మిల్లర్లు మేము దింపుకోమని మొరాయించారు. ఆ మొరాయింపు భారం మళ్లీ పడ్డది కేంద్రంలో రాశి మీద కూర్చున్నవాడి మీదే.

అదే 2024 అక్టోబరులో పంజాబు మండీలలో కూడా వడ్లు గుట్టలు పడ్డాయి. అక్కడా కారణం గోదాములు ఖాళీ కాకపోవటమే. రైతులు రోడ్లు దిగ్బంధం చేశారు. ఆహార సంస్థను 1965లో పెట్టింది రైతుకు గిట్టుబాటు ధర, పేదకు చౌక బియ్యం, దేశానికి నిల్వ, ఈ మూడింటి కోసం. సూర్యాపేట, కోదాడ పట్టణాలకు నేటికీ రైలు లేదు. మిర్యాలగూడ స్టేషన్ నుంచే బియ్యం వ్యాగన్లు కదలాలి. ఒక చోట వ్యాగను ఆగితే మూడు తాలూకాల్లో కాంటా ఆగుతుంది. దీనికి రైతు ఏ విధంగా బాధ్యుడు?

ఈ గొలుసుకు రెండో కొస రేషను షాపు. దాన్ని మరిచిపోయి వడ్ల గురించి మాట్లాడటం సగం మాటే అవుతుంది. 2025 ఉగాదినాడు, మార్చి 30న, మన సూర్యాపేట జిల్లా హుజూర్‌నగర్‌లోనే రేషను షాపుల్లో సన్నబియ్యం పథకం మొదలుపెట్టారు. మనిషికి ఆరు కిలోలు, ఉచితం. నాటు వేసిన కూలితల్లి తన చేతి సన్నాలు తన పిల్లలకు వండి పెట్టింది. ఇది చిన్న విషయం కాదు, మేము మనస్ఫూర్తిగా ఆహ్వానించాము. కాని బియ్యం షాపుకు ఏనాడు వస్తుందో డీలరుకే తెలియని నెలలు వున్నాయి. స్టాకు పాయింటులో హమాలీల కూలి రేట్ల పేచీ తేలకపోతే లోడు లేవదు. లోడు వచ్చిననాడు మిషను పనిచేయదు. 2025 జూన్‌లో మూడు నెలల బియ్యం ఒకేసారి ఇచ్చినప్పుడు ఒక్కొక్కరు పలుమార్లు వేలిముద్ర వేయవలసి వచ్చింది, షాపుల ముందు బారులు తీరారు. మట్టి పనిచేసే చేతులకు వేలిముద్రలు అరిగిపోయి వుంటాయి. రెండు పూటలు తిరిగితే ఒక రోజు కూలి పోతుంది. ఉచిత బియ్యానికి అదొక ధర. కేంద్రంలో పడిగాపులు పడే చిన్నరైతూ, షాపు ముందు పడిగాపులు పడే కూలీ చాలా ఇళ్లలో ఒకే కుటుంబం.

నైజాం కాలంలో ఈ తాలూకాల్లోనే లెవీ పేరుతో పేదరైతు గింజలు కొలుచుకపోయేవారు, దొరల గాదెల జోలికి పోయేవారు కాదు. ఆనాడు గుంజుకున్నందుకు జనం తిరగబడ్డారు. ఇవాళ కొనమని బతిమాలవలసి వస్తున్నది. కాలం మారింది, నిజమే. కాని కొలిచేవాడి చేతిలో రైతు బతుకు వుండటం మాత్రం పూర్తిగా పోలేదు.

ఏం చేయాలి? కాంటా అయినప్పుడే సరుకు ప్రభుత్వానిదైనట్టు రసీదు ఇవ్వాలి. తేమ ఎంత, బస్తాలు ఎన్ని, తూకం ఎంత, అన్నీ ఆ రసీదులో వుండాలి. అక్కడి నుంచి తడిసినా, తరిగినా, ఎలుక తిన్నా భారం ప్రభుత్వానిది. డబ్బు ఆ రసీదు మీద పడాలి, మిల్లు ఒప్పుకోలు మీద కాదు. ఈ ఒక్కటి సాధిస్తే సగం తరుగు దానంతటదే ఆగుతుంది. ఫోనులో బేరమాడటానికి మిల్లరు చేతిలో ఆయుధం వుండదు గనుక. లారీని వాపసు తోలదలిస్తే కారణం కాగితం మీద రాసి, అధికారి వచ్చి నమూనా తీసినంకనే తోలాలి. ఒకరోజు దాటి దింపని మిల్లు కేటాయింపును ఇంకో మిల్లుకు మార్చాలి. మార్చటానికి మిల్లు లేకపోతే మార్కెట్ యార్డు షెడ్లు వున్నాయి, గిడ్డంగుల సంస్థ గోదాములు వున్నాయి. వేసవి సెలవుల్లో బడులు కూడా ఖాళీగా వుంటాయి. కౌలుదారు పేరు మీద కాంటా, కౌలుదారు ఖాతాలో డబ్బు కావాలి. హమాలీకి ఎదురుచూసిన రోజుకు నిలువ కూలి ఇవ్వాలి. నిలువ కూలి కట్టవలసి వస్తే కాంట్రాక్టరుకు లారీలు అవే దొరుకుతాయి.

వీటిని అర్జీలు పెడితే ఇవ్వరు, మనకు తెలుసు. అయితే అర్జీ కంటే ముందు చేయగల పని వుంది. చాలా వూళ్లలో కేంద్రం నడుపుతున్నది మన ఇళ్ల ఆడవాళ్ల సంఘాలే. ఎవరి వడ్లు ఏనాడు వచ్చాయో వరుస నంబరుతో పుస్తకం రాయించండి. నంబరు తప్పించి పెద్దరైతు కాంటా ముందు పెట్టనీయకండి. లారీ రాకుండా కాంటా పెట్టి బస్తాలు పేర్చుకోవటం ఆపండి. ఎన్ని లారీలు రాగలవో అంతకే కాంటా, మిగతా వడ్లు రాశి మీద పట్టా కింద వుండటమే మేలు. బస్తాలో ఆగిన గింజ ఎండదు. లారీతో ఒక మనిషి మిల్లు దాకా పోవాలి, ధర్మకాంటా చీటీ తేవాలి. తరుగు అడిగిన మిల్లు పేరు, రోజు, బస్తాకు ఎంత అడిగారో ఆ పుస్తకంలోనే రాయాలి. కూలీ సంఘం, రైతు సంఘం వేరువేరుగా కాకుండా ఒకే పుస్తకం మీద సంతకాలు పెట్టాలి.

వచ్చే కోతలకు మిషను వూళ్లోకి దిగకముందే గ్రామసభ పెట్టి తహశీల్దారునూ, వ్యవసాయాధికారినీ పిలిపించండి. మా వూళ్లో ఇన్ని ఎకరాలు, ఇన్ని బస్తాలు, రోజుకు ఇన్ని లారీలు కావాలె, ఏ మిల్లుకు పోతాయి, కాంట్రాక్టరు ఎవరు, లారీల నంబర్లు ఏమిటి అని అడిగి రాయించుకోండి. సంతకం పెట్టించిన ఆ కాగితం ఒక కాపీ కొనుగోలు కేంద్రం ముందర, అందరికీ కనపడేటట్టు, అతికించండి.